ట్రఫుల్, ఫగా, పుట్టకొక్కు, పాల పుట్టగొడుగు: తిరుపతి వంటింటికి ఏది నప్పుతుంది?

ట్రఫుల్ అంటే నేల లోపల గడ్డలా పెరిగే ఒక రకం పుట్టగొడుగు. ఆ పేరు తిరుపతిలో ఇప్పుడు కొత్తేమీ కాదు. కాఫీ షాపుల మెనూలో ట్రఫుల్ ఫ్రైస్ ఉంటాయి. సూపర్ మార్కెట్ అరలో ట్రఫుల్ నూనె చిన్న సీసాల్లో కనబడుతుంది. పీలేరు, రాయచోటి వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్లు సెలవుకు వస్తూ ఎడారి ట్రఫుల్ గడ్డలు (వీటినే ఫగా అంటారు) తెస్తుంటారు. ఇంకోవైపు ఉరుముల వాన పడితే చాలు, చంద్రగిరి, భాకరాపేట, పలమనేరు దారుల్లో చెదపుట్టల మీద మొలిచే పుట్టకొక్కుల బుట్టలు దిగుతాయి. వీటిలో దేనికి డబ్బు పెట్టాలి, దేన్ని గడప దాటనివ్వకూడదు అన్నదే ఇక్కడి విషయం. బేకరీలో దొరికే చాక్లెట్ ట్రఫుల్‌కీ దీనికీ చుట్టరికం ఆకారం వరకే. అందులో పుట్టగొడుగు ఉండదు కాబట్టి, పుట్టగొడుగు ముట్టని ఇళ్లవాళ్లు ఆ ఒక్క విషయంలో నిశ్చింతగా ఉండొచ్చు.

ముందే తేల్చి చెప్పేస్తే: ఒంటికి పట్టే తిండి కోసమైతే పెంచిన చిప్ప (ఆయిస్టర్) పుట్టగొడుగులు, పాల (మిల్కీ) పుట్టగొడుగులు కొనండి. రుచి కోసమైతే, అదీ ఏళ్లుగా తెలిసిన మనిషి తెస్తేనే, పుట్టకొక్కులు. కువైట్ ఫగా ఎవరైనా తెచ్చిస్తే వండుకోండి, తెప్పించుకోవడానికి వేలు పోయకండి. ఇటలీ, ఫ్రాన్సు ట్రఫుల్ వాసన కోసం తినేది, పోషకాల లెక్కలో దానికి చోటే లేదు. ట్రఫుల్ నూనె మాత్రం డబ్బు దండగ.

ప్రొటీన్ లెక్కలో జరిగే మాయ

"మా పుట్టగొడుగుల్లో 30 శాతం ప్రొటీన్" అని ప్యాకెట్టు మీదో, వాట్సాప్‌లోనో కనిపిస్తే, ఆ లెక్క ఎండు బరువు మీద వేసింది. తాజా పుట్టగొడుగులో 90 శాతం దాకా నీళ్లే. 100 గ్రాములు ఎండబెడితే చేతికొచ్చేది 10 గ్రాములు. ఆ పదిలో 30 శాతం అంటే 3 గ్రాములు. తాజా బటన్ పుట్టగొడుగులో 100 గ్రాములకు ఉండే ప్రొటీన్ నిజంగానే 3.1 గ్రాముల దగ్గర ఉంటుంది. చిప్ప పుట్టగొడుగులో 3.3. పాల పుట్టగొడుగూ, పుట్టకొక్కూ ఆ చుట్టుపక్కలే. అంటే 200 గ్రాముల ప్యాకెట్టు మొత్తం ఒక్కరే తింటే ఒక కోడిగుడ్డుకు సమానం. 100 గ్రాముల కందిపప్పులో 22 గ్రాములుంటుంది. పప్పు మానేసి పుట్టగొడుగులు తినేవాళ్లు ఈ తేడా చూసుకోవాలి.

ఇంకో చిక్కు ఉంది. ప్రయోగశాలలో ప్రొటీన్‌ను నేరుగా కొలవరు. నత్రజనిని కొలిచి 6.25తో హెచ్చిస్తారు. పుట్టగొడుగుల కణాల గోడల్లో కైటిన్ అనే పదార్థం ఉంటుంది, అందులోనూ నత్రజని ఉంటుంది, కానీ అది మనకు ప్రొటీన్‌గా పనికిరాదు. అందుకే పుట్టగొడుగులకు 4.38తో హెచ్చించడం సరైన పద్ధతి. ఎడారి ట్రఫుల్‌లో ఎండు బరువు మీద 20 నుంచి 27 శాతం ప్రొటీన్ అని చెబుతుంటారు. ఆ 27ను 6.25తో లెక్కగట్టి ఉంటే, అసలు సంఖ్య 19 దగ్గరికి దిగుతుంది. తాజా ఫగాలో నీళ్లు కాస్త తక్కువ, 75 నుంచి 80 శాతం. ఆ లెక్కన 100 గ్రాములకు 4 నుంచి 5 గ్రాములు. బటన్ కంటే మెరుగే, కానీ ధరలో ఉన్న తేడాతో పోలిస్తే అది ఏమూలకూ చాలదు.

మరి పుట్టగొడుగులు ఎందుకు తినాలి? కెలొరీలు తక్కువ: 100 గ్రాముల బటన్‌లో 22, చిప్పలో 33. పీచు చిప్పలో 2.3 గ్రాములు, బటన్‌లో 1 గ్రాము. నియాసిన్ (బి3 విటమిన్) చిప్పలో 5 మిల్లీగ్రాములు, బటన్‌లో 3.6. పొటాషియం చిప్పలో 420 మిల్లీగ్రాములు, బటన్‌లో 318. రెంటిలోనూ సోడియం నామమాత్రం. ఇనుము చిప్పలో 1.3 మిల్లీగ్రాములు, బటన్‌లో అర మిల్లీగ్రాము. ఈ వరసంతా చూస్తే బటన్ కంటే చిప్పే ముందుంది. బి12 కోసం శాకాహారులు వీటి మీద ఆధారపడకూడదు, అది దాదాపు ఉండదు.

విటమిన్ డి సంగతి వేరు, ఇక్కడ తిరుపతి ఎండ పనికొస్తుంది. చీకటి గదిలో పెరిగిన పుట్టగొడుగులో విటమిన్ డి ఉండదనే చెప్పాలి, కానీ దాన్ని తయారుచేసుకునే ముడిసరుకు ఎర్గోస్టెరాల్ ఉంటుంది. ముక్కలుగా కోసి, గొడుగు కింది పొరలు పైకి వచ్చేలా పళ్లెంలో పరిచి, పగలు 11 నుంచి 2 మధ్య 15 నిమిషాల నుంచి గంట దాకా నేరుగా ఎండలో పెడితే 100 గ్రాములకు 10 మైక్రోగ్రాములు దాటే విటమిన్ డి2 తయారవుతుంది. కిటికీ అద్దం వెనక పెడితే లాభం లేదు, అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. గంటకు మించి ఉంచితే ముక్కలు వాడిపోయి నల్లబడతాయి. ఎండ తగిలిన వెంటనే వండేయాలి.

యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవాళ్లు వారానికి ఒకటి రెండుసార్లు, 100 గ్రాములకు మించకుండా తినడం మేలు, వీటిలో యూరిక్ యాసిడ్‌గా మారే ప్యూరిన్లు మధ్యస్థంగా ఉంటాయి. కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించమన్న వాళ్లు ముక్కలను నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. బటన్ తింటే కడుపు ఉబ్బేవాళ్లకు కారణం అందులోని మానిటాల్ అనే చక్కెర కావచ్చు. చిప్పలో అది బాగా తక్కువ, మార్చి చూడండి.

యూరప్ ట్రఫుల్, దాని పేరు పెట్టుకున్న నూనె

అసలు ట్రఫుల్ ఓక్, హేజెల్ లాంటి చెట్ల వేళ్లను అంటిపెట్టుకుని నేల లోపల పెరిగే గడ్డ. ఫ్రాన్సు నల్ల ట్రఫుల్, ఇటలీలో ఆల్బా తెల్ల ట్రఫుల్ పేరున్నవి. నల్లదానికి సున్నం ఎక్కువున్న నేల, చలికాలం కావాలి. చిత్తూరు ఎర్ర నేలలకు, ఇక్కడి ఎండలకు అది పుట్టే మాటే లేదు. కాబట్టి "లోకల్ ట్రఫుల్" అని ఎవరైనా అమ్మజూపితే బేరం కూడా ఆడకండి, కారణం కింద చెబుతాను.

ధర సీజనును బట్టి మారుతుంది కానీ మంచి నల్లది కిలో లక్ష రూపాయల చుట్టుపక్కల ఉంటుంది, తెల్లది అంతకంటే చాలా ఎక్కువ. దాన్ని వడ్డించేది మనిషికి 5 నుంచి 10 గ్రాములు, పల్చటి పొరలుగా తురిమి. ఆ పది గ్రాముల్లో ప్రొటీన్ ఒక గ్రాము కూడా రాదు. వాసన కోసం ఇచ్చే డబ్బు అది, అలా అనుకుని తింటే తప్పేం లేదు.

నూనె దగ్గరికొస్తే, బజార్లో దొరికే సీసాల్లో ఎక్కువ భాగం మామూలు ఆలివ్ నూనెలో 2,4-డైథయాపెంటేన్ అనే ఒక్క రసాయనం కలిపినవి. తెల్ల ట్రఫుల్ వాసనలో ముఖ్యమైన పదార్థం అదే, కానీ ఫ్యాక్టరీలో తయారుచేసింది. లేబుల్ మీద "ఫ్లేవర్", "అరోమా" అన్న మాటలుంటే అదే. లోపల రెండు నల్ల ముక్కలు తేలుతున్నాయని మోసపోవద్దు, అవి కంటికి కనబడాలని వేసినవి. ఆ నూనె తిన్నందువల్ల వచ్చే ప్రమాదం పెద్దగా లేదు, పోషకమూ లేదు.

ప్రమాదం ఉన్నది ఇంట్లో తయారుచేసే నూనెతో. పచ్చి ట్రఫుల్ గానీ, పుట్టగొడుగు గానీ, వెల్లుల్లి గానీ నూనెలో ముంచి బయట పెడితే, మట్టిలోంచి వచ్చిన క్లాస్ట్రీడియం బొట్యులినమ్ అనే బ్యాక్టీరియా గింజలకు (స్పోర్లకు) గాలి తగలని చోటు దొరుకుతుంది. అవి మొలకెత్తి విడుదల చేసే విషం నరాలను పడేస్తుంది. వాసన మారదు, రుచి మారదు. మామూలుగా ఉడికిస్తే ఆ గింజలు చావవు, 121 డిగ్రీల ఆవిరి కావాలి. చేసి తీరాలనుకుంటే ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేయాలి.

పుట్టగొడుగు పచ్చడి పెట్టేవాళ్లకూ ఇదే సూత్రం. ముక్కల్లో నీరు పూర్తిగా ఇగిరేదాకా వేయించి, నిమ్మరసం గానీ వెనిగర్ గానీ ధారాళంగా పోసి పులుపు 4.6 పీహెచ్ కంటే కిందికి తేవాలి, ఆ తర్వాత కూడా ఫ్రిజ్‌లోనే ఉంచి రెండు మూడు వారాల్లో ముగించాలి. ఆవకాయలా ఏడాది నిలవుంటుందని జాడీలో పోసి అటక మీద పెట్టే సరుకు కాదు. ఇంట్లో చేసి ఆన్‌లైన్‌లో అమ్మే పుట్టగొడుగు పచ్చడి కొనేటప్పుడు 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, తయారీ తేదీ, వెనిగర్ లేదా ఆమ్లం వేసినట్టు రాత చూడండి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా వదిలేయండి.

కువైట్ నుంచి వచ్చే ఫగా

ఎడారి ట్రఫుల్ యూరప్ ట్రఫుల్‌కు దూరపు బంధువు. చలికాలం వానలు బాగా పడిన ఏడాది, జనవరి నుంచి మార్చి మధ్య, ఎడారిలో చిన్న పొదల వేళ్ల దగ్గర దొరుకుతుంది. తెల్లగా, మెత్తగా ఉండే జుబైదీకి ధర ఎక్కువ. కాస్త ముదురు రంగులో, గుండ్రంగా ఉండేది ఖలాసీ. వాసన తక్కువ, కండ ఎక్కువ, అందుకే దీన్ని కూరలా వండుతారు. మన వాళ్లు మటన్‌లో వేసి వండితే బాగుంటుందనడం నిజమే.

ఇందులో గొడవంతా ఇసుకతోనే. పైపైన కడిగితే పగుళ్లలో ఇసుక అలాగే ఉండి పంటికింద కరకరలాడుతుంది. అరగంట నీళ్లలో నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో రుద్ది, తొక్క పల్చగా చెక్కి, రెండుగా కోసి పగుళ్ల వెంట మళ్లీ కడగాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా నాలుగైదు సార్లు మార్చాలి. కిలోకు 150 నుంచి 200 గ్రాములు పోతుందనుకోండి. ఆ తర్వాత ముక్కలను కనీసం 15 నుంచి 20 నిమిషాలు మరగనివ్వాలి. మట్టిలో పెరిగిన గడ్డ కాబట్టి పచ్చిగా సలాడ్‌లో వేయడం వద్దు.

ప్రయాణంలో పాడు చేసేది ప్లాస్టిక్ కవరు. గాలి ఆడక చెమ్మ పట్టి, కువైట్ నుంచి చెన్నై, అక్కడి నుంచి ఊరికి చేరేసరికి జిగురు వస్తుంది. కాగితంలో చుట్టి, గుడ్డ సంచిలో తేవాలి. ఇంటికి రాగానే కడగకుండా, కాగితం రోజూ మారుస్తూ ఫ్రిజ్ కింది అరలో వారం ఉంచొచ్చు. ఎక్కువుంటే ముక్కలు కోసి, 5 నిమిషాలు ఉడికించి, ఆరబెట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. నొక్కితే గుజ్జుగా దిగబడే గడ్డ, పుల్లటి వాసన వచ్చే గడ్డ ఒక్కటి ఉన్నా వేరుచేసి పారేయాలి. ఫగా రసం కంటికి మంచిదన్న నమ్మకం చాలా ఇళ్లలో ఉంది. ఇంట్లో పిండిన రసంలో ఇసుక, సూక్ష్మజీవులు ఉంటాయి, దాన్ని కంట్లో వేయడం మాత్రం వద్దు.

పుట్టకొక్కులు: రుచిలో మొదటిది, నమ్మకం కుదిరితేనే

చెదపురుగులు పుట్ట లోపల పెంచుకునే శిలీంధ్రం, మంచి వానలు పడ్డాక పైకి తోసుకొచ్చే గొడుగే పుట్టకొక్కు. శాస్త్రంలో టెర్మిటోమైసిస్. దీన్ని షెడ్లలో పెంచే పద్ధతి వ్యాపార స్థాయిలో ఇంతవరకు కుదరలేదు, చెదలు లేకుండా అది రాదు. అందుకే ధర. రాగి సంగటిలోకి దీని పులుసుకు సాటి రాగల కూర పుట్టగొడుగుల్లో ఇంకోటి లేదన్నది మా అభిప్రాయం. కానీ బజారులో దీన్ని కొనడం కంటే, కొనకుండా వెనక్కి రావడం తెలిసి ఉండాలి.

చూడాల్సినవి వరసగా. గొడుగు మధ్యలో గట్టిగా, ముదురు రంగులో మొన ఉంటుంది. కాడ కిందికి పోయేకొద్దీ సన్నబడి, వేరులా పొడవుగా పుట్ట లోపలికి దిగుతుంది, అడుగు లోతు దాటడం కూడా మామూలే. కాడ అడుగున సంచిలాంటి తొడుగు ఉండదు. గొడుగు కింది పొరలు మొదట తెల్లగా ఉండి ముదిరేకొద్దీ లేత గులాబీకి తిరుగుతాయి. అమ్మేవాళ్లు వేళ్లు కోసేసి గొడుగులు మాత్రమే కుప్ప పోస్తే, మీ చేతిలో ఉన్న ముఖ్యమైన గుర్తు పోయినట్టే. అలాంటి కుప్ప కొనొద్దు. వేరుతో, మట్టితో ఉన్నదే అడగండి, బరువు పోయినా సరే.

కాడ చుట్టూ ఉంగరం ఉంటే విషం, లేకపోతే మంచిది అనే మాట నమ్మకండి. మన దక్షిణాదిలో తినే పుట్టకొక్కు రకాల్లో ఉంగరం ఉన్నవీ ఉన్నాయి. అలాగే వెండి నాణెం నల్లబడుతుందా, వెల్లుల్లి రంగు మారుతుందా, చీమలు తిన్నాయా అన్న పరీక్షలకు విలువ లేదు. మనిషి కాలేయాన్ని ముంచే అమానిటా అనే పుట్టగొడుగు విషం వెండితో ఏ చర్యా జరపదు, పురుగులు దాన్ని హాయిగా తింటాయి. పసుపు నీళ్లు మట్టిని వదిలిస్తాయి, విషాన్ని కాదు. ఎంత మరిగించినా, వేయించినా, ఎండబెట్టినా ఆ విషం చెక్కుచెదరదు. ఫోన్ యాప్‌లో ఫోటో తీసి పేరు చెప్పించుకోవడం కూడా ఈ జాబితాలోకే వస్తుంది.

పనికొచ్చే పరీక్ష ఒకటుంది, కానీ దానికి ఓపిక కావాలి. విచ్చుకున్న గొడుగును కాడ తీసేసి, సగం తెల్లగా సగం నల్లగా ఉన్న కాగితం మీద బోర్లించి, పైన గ్లాసు మూసి రాత్రంతా ఉంచండి. పుట్టకొక్కు అయితే గులాబీ రంగు పొడి రాలుతుంది. అమానిటా అయితే తెల్లపొడి. పచ్చిక మైదానాల్లో, అపార్టుమెంట్ లాన్లలో వానకు పెద్ద పెద్ద గొడుగుల్లా లేచే క్లోరోఫిల్లమ్ అయితే ఆకుపచ్చ పొడి, దాన్ని తింటే రెండు మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. తెల్లపొడి, ఆకుపచ్చపొడి రాలితే ఆ గంప మొత్తం పారేయండి. గులాబీ రాలినంత మాత్రాన పరీక్ష నెగ్గినట్టు కాదు, పొడవాటి వేరూ పుట్టా కూడా కుదరాలి. గులాబీ పొడి రాలే ఇతర గొడుగులు చాలానే ఉన్నాయి.

గడ్డివాము దగ్గర వచ్చే వరిగడ్డి పుట్టగొడుగు ఇంకా తికమక పెడుతుంది. దాని కాడ అడుగున అమానిటాకు ఉన్నట్టే సంచి ఉంటుంది, లేతగా ఉన్నప్పుడు రెండూ గుడ్డులాగే కనిపిస్తాయి. షెడ్డులో పెంచినదైతే కొనండి, గడ్డివాము దగ్గర ఏరినదైతే వద్దు.

కొనే వేళ కూడా ముఖ్యం. పొద్దున 9 లోపు మొగ్గలు మూసుకుని ఉండగా కొనాలి. మధ్యాహ్నానికి గొడుగు విచ్చుకుని, పొరల్లో పురుగు పడుతుంది. ఇంటికి రాగానే వేరు, మట్టి పట్టిన కాడ చెక్కేయాలి, అయిదో వంతు బరువు అక్కడే పోతుంది. మూడు నాలుగు నీళ్లు కడిగి, అదే రోజు (పొడి పరీక్ష పెడితే మర్నాడు పొద్దున్నే) వండి, కనీసం 15 నిమిషాలు ఉడకనివ్వాలి. ఒకటి రెండు పచ్చివి కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో రెండు రోజులు అట్టే పెట్టండి. ఏదైనా తేడా వస్తే డాక్టరుకు చూపించడానికి అంతకంటే మంచి ఆధారం లేదు. మొదటిసారి తినేవాళ్లు కొంచెమే తిని ఆగాలి. అయిదేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు అడవి పుట్టగొడుగులు పెట్టకపోవడమే మంచిది. దాంతోపాటు మద్యం పుచ్చుకోవద్దు, ఆల్కహాల్ పడితేనే విషంగా మారే రకాలు కూడా అడవి గొడుగుల్లో ఉన్నాయి.

ఎక్కడ మొలిచింది అన్నది కూడా అడగాలి. పుట్టగొడుగులు నేలలోని సీసం, కాడ్మియం, పాదరసం లాగేసుకుంటాయి. హైవే అంచున, చెత్త డంపింగ్ దగ్గర, మందులు కొట్టే మామిడి తోటల్లో, టమోటా పొలాల గట్ల మీద వచ్చినవి జాతి మంచిదైనా తినదగినవి కావు. ఇక శేషాచలంలో స్వయంగా ఏరుకుందామనుకునేవాళ్లకు: శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు హద్దుల్లో అనుమతి లేకుండా అటవీ ఉత్పత్తులు తీయడానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. తెల్లవారుజామున గోనెసంచితో కొండెక్కితే పుట్టకొక్కు కంటే ముందు ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ ఎదురయ్యే అవకాశం ఎక్కువ.

నీలగిరి తోటలో దొరికిన "ట్రఫుల్"

కుప్పం, పలమనేరు వైపు నీలగిరి (యూకలిప్టస్) తోటల్లో, సరుగుడు తోపుల్లో వానల తర్వాత బంగాళాదుంపలాంటి గుండ్రటి గడ్డలు సగం నేలలో, సగం పైన కనిపిస్తాయి. యూట్యూబ్ చూసి వీటిని ట్రఫుల్ అనుకునేవాళ్లున్నారు. ఇవి చాలావరకు స్క్లెరోడెర్మా, పైసోలిథస్ జాతులు, ఆ చెట్ల వేళ్లతో కలిసి బతికేవి. స్క్లెరోడెర్మా విషం, తింటే కడుపునొప్పి, వాంతులు, చెమటలు. నిలువుగా కోస్తే మందమైన తోలు, లోపల ఊదా నలుపు ముద్ద కనిపిస్తుంది. అసలు ట్రఫుల్‌ను కోస్తే పాలరాతిలో చారల్లా తెల్లటి గీతలు అల్లుకుని ఉంటాయి. లేతగా తెల్లగా ఉన్న గడ్డను కోసినప్పుడు లోపల గొడుగు, కాడ బొమ్మ గీసినట్టు కనిపిస్తే అది ఇంకా విచ్చుకోని అమానిటా కావచ్చు, చేతులు కడుక్కోండి.

జార్ఖండ్‌లో రుగ్డా, బస్తర్‌లో బోడా పేరుతో వర్షాకాలం మొదట్లో అమ్మే గడ్డలు నిజంగానే తినేవి. అవి సాల చెట్ల కింద వస్తాయి, లోపల తెల్లగా ఉన్నంతవరకే తింటారు, ముదిరితే నల్లపొడి అవుతుంది. చిత్తూరు అడవుల్లో సాల చెట్లు లేవు. ఆ పేరు చెప్పి ఇక్కడి గడ్డ అమ్మితే అది ఆ సరుకు కాదు.

పెంచినవాటిలో ఏది

తిరుపతి ఎండకు పాల పుట్టగొడుగు పుట్టినింట్లో ఉన్నట్టుంటుంది. 30 నుంచి 35 డిగ్రీల వేడిలో పెరుగుతుంది, కోశాక బయట కూడా రెండు మూడు రోజులు నిలుస్తుంది, కాడ గట్టిగా ఉండి కూరలో ముక్క విడిపోదు. చిప్ప పుట్టగొడుగుకు 20 నుంచి 30 డిగ్రీలు కావాలి, కాబట్టి ఇక్కడ వానాకాలం, చలికాలం సరుకు బాగుంటుంది. బయట ఒక్కరోజే, ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు. బటన్‌కు 14 నుంచి 18 డిగ్రీల చల్లదనం కావాలి, అంటే ఏసీ గదుల్లో పెరిగి ఎక్కడినుంచో బండెక్కి వచ్చేదే. మే నెలలో చల్లబెట్టని బండిలో వచ్చిన బటన్ ప్యాకెట్టు పైకి బాగానే ఉన్నా అడుగున జిగురు పట్టి ఉంటుంది, తిరగేసి చూడండి. బిగుతుగా ప్లాస్టిక్ చుట్టి రంధ్రాలు లేని ప్యాకెట్టు బయట ఎండలో ఉంటే తీసుకోవద్దు, బొట్యులినమ్‌కు కావలసిన గాలి లేని చోటు అక్కడా తయారవుతుంది.

మరీ పాలలా తెల్లగా మెరిసే బటన్‌ను తెల్లబరిచే మెటాబైసల్ఫైట్ రసాయనం కలిపిన నీళ్లలో కడిగి ఉండొచ్చు. ఆస్తమా ఉన్నవాళ్లకు అది పడదు. కొంచెం గోధుమ మచ్చలున్న, గొడుగు మూసుకున్న బటన్ మంచిదే. స్థానికంగా చిప్ప, పాల పుట్టగొడుగులు పెంచేవాళ్ల దగ్గర కొంటే ఒక్క ప్రశ్న అడగండి: గడ్డిని వేడినీళ్లలోనో ఆవిరిలోనో శుద్ధి చేస్తారా, మందులోనా? 100 లీటర్ల నీటికి 125 మిల్లీలీటర్ల ఫార్మలిన్, 7.5 గ్రాముల కార్బెండజిమ్ (బూజు మందు) కలిపి గడ్డి నానబెట్టడం వాడుకలో ఉన్న పద్ధతే. ఆవిరి వాడేవాళ్లు దొరికితే పది రూపాయలు ఎక్కువిచ్చినా వాళ్ల దగ్గరే కొనండి.

డబ్బా పుట్టగొడుగులు అత్యవసరానికి. వడకట్టాక బరువు సుమారు సగానికి పడిపోతుంది, 100 గ్రాములకు సోడియం 400 మిల్లీగ్రాములు దాటుతుంది. బీపీ ఉన్నవాళ్లు రెండుసార్లు కడగాలి. ఉబ్బిన డబ్బా తెరవకుండానే పారేయాలి.

ఎండు పుట్టగొడుగులు కొంటే పుటుక్కున విరగాలి, వంగితే చెమ్మ ఉన్నట్టు. నూడుల్స్ కోసం నల్ల చెవి పుట్టగొడుగులు నానబెట్టేవాళ్లు గంటా రెండు గంటలకు మించి బయట ఉంచొద్దు. రాత్రంతా వేడిలో నానితే బాంగ్‌క్రెకిక్ ఆమ్లం అనే విషం పుట్టొచ్చు, ఉడికించినా అది పోదు. సూపర్ మార్కెట్లో దారాల గుత్తిలా దొరికే ఎనోకిని పచ్చిగా తినకండి. లిస్టీరియా అనే బ్యాక్టీరియా అమెరికాలో వ్యాపించి నలుగురు చనిపోయింది దానివల్లేనని 2020లో బయటపడింది. షిటాకే సరిగా ఉడక్కపోతే కొందరికి ఒంటిమీద కొరడా దెబ్బల్లాంటి ఎర్రటి చారలు లేస్తాయి.

ఏ రకమైనా వండిన కూరను రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పొగలొచ్చేలా ఒక్కసారే వేడిచేసి ముగించాలి.

తిన్నాక తేడా కొడితే

గడియారం చూడండి, అన్నిటికంటే ముందు కావలసింది అదే. తిన్న రెండు మూడు గంటల్లో వాంతులు మొదలైతే చాలావరకు కడుపును రేపే రకాలు. సెలైన్ ఎక్కించుకుని తేరుకుంటారు. ఆరు గంటలు దాటాక, ముఖ్యంగా 6 నుంచి 24 గంటల మధ్య మొదలైతే అమానిటా అని అనుమానించి కదలాలి. ఒకే వంట తిన్నవాళ్లందరినీ, బాగున్నవాళ్లతో సహా, తీసుకెళ్లాలి. రెండు రకాలూ కలిపి తిన్నప్పుడు త్వరగా వాంతులైనా, ఆ వెనక అసలు విషం ఉండొచ్చు.

108కి ఫోన్ చేయండి. తిరుపతిలో రుయా, స్విమ్స్, చిత్తూరులో జిల్లా ప్రభుత్వాసుపత్రి. ఫ్రిజ్‌లో దాచిన పచ్చి పుట్టగొడుగు, మిగిలిన కూర, వాంతి నమూనా కాగితం సంచిలోనో డబ్బాలోనో తీసుకెళ్లండి. ఎన్ని గంటలకు తిన్నారు, ఎంత తిన్నారు, మొదటి వాంతి ఎప్పుడు అన్నది రాసి ఇవ్వండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించడం, మజ్జిగ, చింతపండు రసం పట్టించడం వద్దు, సమయం పోతుంది.

రెండో రోజు వాంతులు తగ్గి మనిషి లేచి తిరగడం మొదలుపెడతాడు. ఇంటికి పంపమని పట్టుబట్టేది అప్పుడే. అమానిటా విషం కాలేయాన్ని దెబ్బతీసేదీ ఆ గంటల్లోనే. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ఐఎన్ఆర్ అనే కాలేయ, రక్తం గడ్డకట్టే పరీక్షలు రోజూ చేయించి, ఆ అంకెలు కిందికి దిగాయని డాక్టరు చెప్పేదాకా ఆసుపత్రి వదలొద్దు.